ఒక్క వరద పట్టుకుని హైదరాబాద్‌ని నడిచి చూడండి

మా బంధువులకి హైదరాబాద్ చరిత్ర చూపిస్తానని ఓ ఆదివారం చార్మినార్ దగ్గర మొదలుపెట్టి మక్కా మసీదు, చౌమహల్లా, అక్కణ్ణుంచి ఆటోలో గోల్కొండ దాకా తిప్పాను. సాయంత్రం అడిగితే మా పిన్నికి గుర్తున్నవి రెండే: మోకాళ్ళ నొప్పి, లాడ్ బజార్‌లో బేరం కుదరని గాజులు. తప్పు పిన్నిది కాదు, నాదే. నాలుగొందల ఏళ్ళ ఊరిని ఒక్క పూటలో మింగించబోతే ఎవరికైనా అజీర్తే.

అప్పట్నుంచి నేను పాటించేది ఒక్కటే, ఊరు మొత్తాన్ని కాదు, ఒక్క ప్రశ్నని పట్టుకుని నడవడం. ప్రశ్న ఎంత చిన్నదైతే దారి అంత తేలిగ్గా దొరుకుతుంది. ఉదాహరణకి మూసీ మీదున్న నయాపూల్ వంతెన మీద నిలబడి అటూ ఇటూ చూడండి, ఒక ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఇంకో ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ఇంత పెద్ద భవనాలు మూడూ ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే నది పక్కన ఎందుకు లేచాయి? హైకోర్టు 1920, కాలేజీ 1921, ఆసుపత్రి 1925. మూడింటి వెనకా విన్సెంట్ ఎష్ అనే ఒకే ఆర్కిటెక్ట్.

దీనికి జవాబు 1908 సెప్టెంబరు 28. పైన రెండొందలకు మించి చెరువులు తెగి ఆ నీళ్ళన్నీ మూసీలోకి వచ్చి పడ్డాయి, తెల్లారేసరికి ఒడ్డున ఉన్న బస్తీలు లేవు. చనిపోయినవాళ్ళు సుమారు 15,000 అంటారు. పాతబస్తీ పెద్దలు దాన్ని వరద అనరు, తుగ్యానీ అంటారు. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఊరిని మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. మనం నడవబోయేది ఆ కథలోనే.

పొద్దున ఆరున్నరకల్లా పురానాపూల్ దగ్గర ఉండండి. వంతెన మీద ఇప్పుడు బళ్ళు తిరగవు, కూరగాయల అంగడి నడుస్తుంది, టమాటా బుట్టల మధ్యలోంచి దారి చేసుకుంటూ వెళ్ళాలి. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన వంతెన ఇది. హైదరాబాద్ పుట్టింది 1591లో, అంటే ఊరి కంటే వంతెనే పదమూడేళ్ళు పెద్దది. 1908లో మిగతా మూడు వంతెనలూ కొట్టుకుపోతే ఇదొక్కటే నిలబడింది. మొదటి మజిలీగా ఇంతకన్నా మంచిది దొరకదు. పక్కనే పురానాపూల్ దర్వాజా కూడా చూడండి, పాత ఊరి గోడకి మిగిలిన రెండు దర్వాజాల్లో అదొకటి, రెండోది దబీర్‌పురాలో ఉంది.

ఇక్కడే నా పరువు పోయింది. ప్రేయసి భాగమతి కోసం ఇబ్రహీం కొడుకు, కుర్ర మహమ్మద్ కులీ వరదలో గుర్రం మీద నది దాటితే, తండ్రి బెంగపడి ఈ వంతెన కట్టించాడని ఉత్సాహంగా చెబుతుంటే, మా అన్నయ్య కూతురు ఫోన్లో ఏదో చూసి "బాబాయ్, 1578కి ఆ కులీకి పన్నెండు పదమూడేళ్ళేగా!" అంది. అందరూ నవ్వారు. అలాగని కథల్ని మానేయకండి, కథలు లేకపోతే నడక డ్రిల్లు క్లాసైపోతుంది. తేదీలు ఉన్నది తేదీగా, జనం చెప్పుకునేది "చెప్పుకుంటారు" అని చెప్పండి, అంతే. తుగ్యానీ అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మూసీకి చీర, ముత్యాలు సమర్పించి పూజ చేశాడన్నది కూడా అలా చెప్పుకునేదే, కానీ ఆ మాట మీదే జనం పది నిమిషాలు మాట్లాడుకుంటారు.

అక్కణ్ణుంచి దక్షిణపు ఒడ్డు పట్టుకుని కాలేజీ, హైకోర్టు వైపు నడవండి. హైకోర్టు లోపలికి ఊరికే పంపరు, సెలవు రోజైతే రెండింటికీ గేటు బయటే. అందుకని బాధపడక్కర్లేదు, హైకోర్టు గుమ్మటాలు నది మీద నుంచి చూస్తేనే బాగుంటాయి. సెక్యూరిటీ వాళ్ళున్నచోట ఫోటో తీసేముందు ఒక మాట అడగండి. ఈ ముక్క తొందరగానే కానిచ్చేసి నయాపూల్ దాటండి, ఎందుకంటే అసలు ఆగాల్సింది అవతలి ఒడ్డున.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని పార్కులో ఒక చింతచెట్టు ఉంది. ఆ రాత్రి ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఇక్కడ మీరు గైడులాగా గొంతు పెంచకండి, ఆసుపత్రి అది, చుట్టూ రోగుల బంధువులు టిఫిన్ డబ్బాలతో కూర్చుని ఉంటారు. మావాళ్ళతో నేను ఒక్కటే అన్నాను, "ఈ కొమ్మ ఎంత ఎత్తుందో చూడండి, నీళ్ళు అక్కడిదాకా వచ్చుంటాయా?" ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రుబాయీలకి, అంటే నాలుగు పాదాల పద్యాలకి, పేరుపడ్డ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతురినీ ఈ వరదలోనే పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. నడకలో ఇలాంటి మనిషి ఒక్కరైనా ఉండాలి. 15,000 అంకె వినేసి మర్చిపోతాం, ముగ్గురిని పోగొట్టుకున్న ఒక మనిషిని మర్చిపోం.

చెట్టు దగ్గర నుంచి అఫ్జల్‌గంజ్ రోడ్డు మీదకి వస్తే కొద్ది దూరంలో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంటుంది. ఈ నడకంతా మూడు కిలోమీటర్ల లోపే, కానీ ఆగుతూ మాట్లాడుతూ వెళ్తే రెండున్నర గంటలు పడుతుంది. ఓపిక ఉంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దాకా కూడా వెళ్ళండి. నది మధ్యలో ఉన్న ఆ స్టేషన్‌లోకి 2025 సెప్టెంబరు చివర్లో మూసీ నీళ్ళొచ్చి ప్రయాణికులు ఇరుక్కుపోయారు. 1908 తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీద పైన ఉస్మాన్ సాగర్ 1920కి, హిమాయత్ సాగర్ 1927కి కట్టారు, ఇప్పుడు ఆ గేట్లు ఎత్తారంటేనే కింద టెన్షన్.

ఇక తయారీ. అందరూ రూటు మ్యాపుతో మొదలుపెడతారు, నేను మాత్రం ముందు ఒంటరిగా ఒకసారి నడవమంటాను. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ రోడ్డు దాటడం ప్రాణం మీదకొస్తుంది, ఆడవాళ్ళకి టాయిలెట్ ఎక్కడ దొరుకుతుంది, ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. 1910ల్లో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో గీసిన నగర పటాలు ఇంటర్నెట్లో దొరుకుతాయి, వాటిని ఫోన్లో పెట్టుకుని ఇప్పటి సందుతో పోల్చుకుంటూ వెళ్తే పిల్లలు కూడా వదలరు. పదిమందికి మించి తీసుకెళ్ళకండి, పదకొండోవాడికి మీ మాట వినపడదు. సాలార్‌జంగ్ మ్యూజియం కలుపుకోవాలనుకుంటే శుక్రవారం వద్దు, ఆరోజు సెలవు. అంగట్లో పెద్దవాళ్ళని పలకరించండి, ముందు ఏదైనా కొని తర్వాత అడగండి. అరకిలో వంకాయలు కొన్నాకే ఒక చాచా నాకు పురానాపూల్ కమాన్లు మొత్తం ఇరవై రెండని లెక్కపెట్టి మరీ చెప్పాడు.

చివర్లో ఇరానీ చాయ్ తప్పనిసరి, కూర్చున్నప్పుడే అసలు ప్రశ్నలొస్తాయి. ఉస్మానియా బిస్కెట్ ఈ ఆసుపత్రి రోగుల కోసమే మొదలైందంటారు, దాన్నీ "చెప్పుకుంటారు" ఖాతాలోనే వేసి ఇంకోటి తినండి.

ఇది కుదిరితే రెండో నడకకి తెలుగునే ప్రశ్నగా పెట్టుకోండి, సుల్తాన్ బజార్ చాలు. ఉర్దూ రాజ్యంలో తెలుగు గ్రంథాలయం, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, సరిగ్గా అక్కడే ఎందుకు పుట్టింది? అప్పట్లో ఆ బజార్లు నిజాం అధికారం కింద కాదు, కోఠీలోని బ్రిటిష్ రెసిడెంటు కింద ఉండేవి. దగ్గర్లోనే వివేకవర్ధిని విద్యాసంస్థ. 1921లో అక్కడి సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఎగతాళి చేశారు, ఆ రాత్రే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంస్థ ఆంధ్ర జన సంఘానికి బీజం పడింది. ఈ నడక ఆదివారం పెట్టుకుంటే మంచిది, కోఠీ, అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. కాకపోతే పుస్తకాలవాళ్ళ దగ్గరికి నడక అయ్యాకే వెళ్ళండి, ముందు వెళ్తే మీ గుంపులో సగంమంది అక్కడే ఉండిపోతారు.