కాలేజీలో చదివే పేద విద్యార్థికి డబ్బు సాయం చేయడం ఎలా?

మా తాతల కాలంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురైనా కనిపించేవాళ్లు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. పెట్టే ఇంటికి వారానికి ఒక విస్తరి ఎక్కువ, అంతే. 1918లో రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి చొరవతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వచ్చింది. అక్కడా పిల్లలకు ఇచ్చింది ఉండటానికి చోటు, తినడానికి తిండి. చదువు ఎక్కడ ఆగిపోతుందో పాతవాళ్లకు బాగా తెలుసు.

మేం ఇంటర్‌లో కలిసి చదివిన పదిమందిమి ఆరేళ్లుగా ఇలాంటి పనే చిన్నగా చేస్తున్నాం. మొదటి రెండేళ్లు చాలా తప్పులు చేశాం. మీరూ మొదలుపెడదామనుకుంటే ఈ వరసలో వెళ్లండి.

1. ఫీజు పక్కనున్న ఖర్చు చూడండి

సాయం అనగానే అందరూ ‘ఫీజు ఎంత?’ అని అడుగుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ రకరకాల పేర్లతో రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. అది అన్నిసార్లూ పూర్తిగా రాదు. తెలంగాణలో ఇంజినీరింగ్ చదివే బీసీ విద్యార్థికి ర్యాంకు 10 వేలు దాటితే వచ్చేది చాలా ఏళ్లుగా 35 వేల దగ్గరే ఉంది. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగిలిన 65 వేలు ఇంటివాళ్ల నెత్తినే. అంత మొత్తం మోయడం చిన్న గుంపు వల్ల కాదు. మన వల్ల అయ్యేది ఫీజు పక్కనున్న చిల్లర ఖర్చు.

ఒక ఏడాది మాకు తెలిసిన లెక్చరర్ గురువారం సాయంత్రం ఫోన్ చేశారు. తాపీ మేస్త్రీ కూతురు, కౌన్సెలింగ్‌లో సీటొచ్చింది, ఫీజు ప్రభుత్వమే కడుతుంది. హాస్టల్ వాళ్లు ఒక చీటీ ఇచ్చారు: కాషన్ డిపాజిట్, మెస్ అడ్వాన్స్, అవీ ఇవీ కలిపి 11,500, శనివారం లోపు కట్టాలి. ఆ చీటీ ఫొటో వాట్సాప్‌లో చూశాం. అంచున పెన్సిల్‌తో రాసుకున్నారు: నాన్న 4,000, మావయ్య 2,000, చిట్టీ... దాని పక్కన ప్రశ్న గుర్తు. మేం వేసింది 5,500. ఆ చిట్టీ డబ్బు తర్వాతి నెలకు గానీ రాదట.

కౌన్సెలింగ్ ప్రాసెసింగ్ ఫీజు 1,200 (ఎస్సీ, ఎస్టీలకు 600), సెమిస్టర్ పరీక్ష ఫీజులు, బస్ పాస్, రికార్డులు, ల్యాబ్ ఏప్రాన్, రెండో ఏడాదికల్లా ల్యాప్‌టాప్. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. అన్నిటికీ గడువు తేదీలుంటాయి, అదీ ఇబ్బంది. కాబట్టి ముందు ఒక క్యాలెండర్ రాసుకోండి. ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు, ఆ తర్వాత ఎంట్రన్స్, డిగ్రీకైతే తెలంగాణలో దోస్త్ రిజిస్ట్రేషన్, వేసవి దాటాక కౌన్సెలింగ్, సీటు వచ్చిన వారంలో హాస్టల్. డబ్బు ఏప్రిల్‌కే చేతిలో ఉండాలి. ఆగస్టులో వసూలు మొదలుపెడితే ఎవరికీ ఉపయోగపడదు.

2. ముందు డబ్బు, తర్వాతే విద్యార్థి

మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ ముగ్గుర్ని తీసుకున్నాం. రెండో ఏడాది ఇద్దరు మిత్రులు ఇల్లు కొన్నారు, ఒకరికి ఉద్యోగం పోయింది, గ్రూపులో మెసేజ్ పెడితే నీలం టిక్కులు తప్ప జవాబు లేదు. మేం ఇస్తామన్న మాట నమ్ముకుని ఒక కుర్రాడు రూము మారాడు. సగం డబ్బే సర్దగలిగాం. ఆ ఫోన్ చేయడానికి మాలో ఎవరూ ముందుకు రాలేదు. చివరికి చీట్లు వేసుకున్నాం.

ఇప్పుడు లెక్క ఇలా ఉంది. పదిమంది, నెలకు తలా 500. నెలకు 5,000, ఏడాదికి 60 వేలు. జిల్లా కేంద్రంలో చదివే ఒక విద్యార్థికి మెస్, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, రాకపోకలు కలిపి 45 వేల దాకా అవుతుందని మా అనుభవం. మిగిలింది పక్కన పెడతాం. హైదరాబాద్ ప్రైవేట్ హాస్టలైతే ఈ లెక్క సరిపోదు. ఒకసారి 5 వేలు ఇచ్చి మాయమయ్యే మిత్రుడి కంటే నెలనెలా బ్యాంకు నుంచి 500 ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టుకున్నవాడు నయం. కోర్సు ఎన్నేళ్లో అన్నేళ్లకూ మాట ఇవ్వగలిగితేనే ఇంకో విద్యార్థిని తీసుకోండి.

3. టాపర్ల వెంట పడకండి

ఇంటర్‌లో వెయ్యికి 970 వచ్చిన పిల్ల ఫొటో పేపర్లో పడగానే పదిమంది దాతలు వస్తారు. పొద్దున పాల ప్యాకెట్లు వేసి 720 తెచ్చుకున్న పిల్లాడి గురించి ఎవరికీ తెలియదు. వాణ్ని చూపించగలిగేది ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్లు, సంక్షేమ హాస్టల్ వార్డెన్లు. వాళ్లను మార్చిలోనే కలవండి. ‘పేదవాళ్లు ఎవరు?’ అని అడగొద్దు. ‘సీటొచ్చినా చేరడేమోనని మీకు అనుమానంగా ఉన్నది ఎవరు?’ అని అడగండి. పేర్లు వెంటనే వస్తాయి.

ఇంటికి వెళ్లి మాట్లాడటం మంచిదే, కానీ తనిఖీకి వెళ్లినట్టు ఉండకూడదు. మాలో ఒకడు బయటికి రాగానే ‘ఇంట్లో పెద్ద టీవీ ఉందే’ అన్నాడు. అది వాయిదాల మీద కొన్నది, ఇంకా ఏడు నెలలు కట్టాలి. టీవీ చూసి పేదరికం కొలవడం అప్పటితో మానేశాం. నాన్న పని ఏడాదిలో ఎన్ని నెలలు ఉంటుంది, ఇంట్లో ఇంకెవరు చదువుతున్నారు, ఆడపిల్ల అయితే పెళ్లి మాటలు నడుస్తున్నాయా, ఈ మూడూ తెలిస్తే చాలు.

4. రావలసిన సర్కారు డబ్బు ముందు రప్పించండి

రూపాయి ఖర్చు లేని సాయం ఇది, ఫలితం మాత్రం అన్నిటికంటే ఎక్కువ. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) గుర్తింపున్న కాలేజీలో డిప్లొమాలో గానీ ఇంజినీరింగ్‌లో గానీ చేరే అమ్మాయిలకు ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50 వేలు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చి డిగ్రీలో చేరినవాళ్లకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి 12 వేలు. రెండింటికీ దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. గడువు దాటాక తెలిసేవాళ్లే ఎక్కువ.

దరఖాస్తు పెట్టినా డబ్బు పడలేదంటే చాలాసార్లు కారణం బ్యాంకు ఖాతా. ‘ఆధార్ లింక్ అయిందండీ’ అని పిల్లలు చెబుతారు. ఖాతాకు ఆధార్ నంబర్ ఇవ్వడం వేరు, సర్కారు డబ్బు ఆ ఖాతాలోనే పడేలా బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐలో మ్యాప్ చేయించడం వేరు. ఇంట్లో పాత జన్‌ధన్ ఖాతా ఒకటి ఉండి డబ్బు దాంట్లో పడి కూర్చున్న సంగతి ఒకసారి చూశాం. విద్యార్థిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లండి, గంట పని. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి మీసేవలో ముందే పెట్టించండి. అలాగే, మీ సాయానికి స్కాలర్‌షిప్ అని పేరు పెడితే వేరే పథకం నిబంధనలకు అడ్డొస్తుందేమో కాలేజీ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

5. ఇచ్చే పద్ధతి

మొదటి ఏడాది కాలేజీ వార్షికోత్సవంలో స్టేజీ మీద ఇచ్చాం. శాలువాలు మాకు, అట్టముక్కతో చేసిన పెద్ద చెక్కు ఆ ముగ్గురిలో ఒక కుర్రాడికి. ఫొటోలో మేమంతా నవ్వుతున్నాం, వాడు కింద ఎక్కడో చూస్తున్నాడు. తర్వాత మా ఫోన్ ఎత్తడం మానేశాడు. తప్పు వాడిది కాదు.

ఇప్పుడు ఫొటో లేదు, పేరు బయటికి రాదు. పరీక్ష ఫీజు, హాస్టల్ లాంటివి నేరుగా కాలేజీకి కట్టి రసీదు విద్యార్థికే ఇస్తాం. చేతి ఖర్చు మాత్రం ప్రతి నెలా ఐదో తేదీన వాళ్ల ఖాతాలో వేస్తాం, లెక్క అడగం. ఇక్కడ మాలో మాకే గొడవ ఉంది. బిల్లులు చూపించాలని ఇద్దరంటారు. పద్దెనిమిదేళ్లు దాటిన మనిషిని టీ తాగిన బిల్లు అడగడం నాకు నచ్చదు.

6. పన్నులు, విదేశీ డబ్బు

నలుగురు స్నేహితులు కలిసి ఒకరికి ఇవ్వడానికి ట్రస్ట్ అక్కర్లేదు. కానీ నేరుగా విద్యార్థికి ఇచ్చినదానికి ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు రాదు. అది కావాలంటే రిజిస్టరైన, 80జి ఆమోదం ఉన్న సంస్థ ద్వారానే ఇవ్వాలి. నగదు 2,000 దాటితే చెల్లదు, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే లాభం. సంస్థ రసీదుతో పాటు పన్ను శాఖకు వివరాలు పంపి ఇచ్చే సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి. సొంతంగా సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. వారాలబ్బాయికీ ఏడు ఇళ్లే కావాల్సి వచ్చేవి.

అమెరికాలో ఉన్న మిత్రులు పంపే డబ్బు దగ్గర జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సంపాదన లోంచి బ్యాంకు ద్వారా సంస్థకు పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారినవాళ్లు పంపితే వస్తుంది, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. ఆ డబ్బు తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, ఢిల్లీ ఎస్బీఐ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. ‘మనవాడే కదా, వేసేయమను’ అంటే తర్వాత నోటీసులు వస్తాయి. అక్కడ రిజిస్టరైన సంస్థ ద్వారా ఇస్తే వాళ్లకు అక్కడ పన్ను మినహాయింపు ఉంటుంది, కొన్ని కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ కలుపుతాయి.

7. రెండో ఏడాది నుంచి

బ్యాక్‌లాగ్స్ వస్తే ఆపేయాలా అని అందరూ అడుగుతారు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోవడం మామూలే. మేం మార్కులు చూడం, హాజరు చూస్తాం. హాజరు 75 శాతం లోపు పడిపోతే రీయింబర్స్‌మెంట్‌కూ ఇబ్బంది. అప్పుడు ఫోన్ చేసి తిట్టకుండా వెళ్లి కలవండి. ఒకసారి అలా వెళ్తే ఆ అబ్బాయి రాత్రిపూట ఫుడ్ డెలివరీ చేస్తున్నాడని తెలిసింది. ఇంటికి పంపడానికట. నెలకు 1,500 పెంచాం.

ఆఖరి ఏడాది అయిపోయింది కదా అని ఖాతా ఖాళీ చేయకండి. రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కాలేజీ టీసీ, ఒరిజినల్స్ ఇవ్వనంటుంది. ఉద్యోగంలో చేరే తేదీ ముంచుకొస్తుంటుంది. కాలేజీతో మాట్లాడి కొంత కట్టి, సర్కారు డబ్బు వచ్చాక తిరిగి ఇచ్చేలా రాయించుకోవాలి. దీనికోసం 20 వేలు విడిగా పెట్టి వేరే దేనికీ ముట్టుకోం. మే, జూన్‌లలో ఆ ఫోన్లు వస్తాయి, ఎక్కువగా రాత్రి తొమ్మిది దాటాకే.