వేడి రాళ్ళ మసాజ్‌కి వెళ్ళే ముందు

చలి మొదలైతే ఒడిశాలోని మా బరంపురం వాళ్ళు తప్తపాణి వేడినీళ్ళకో, గోపాల్‌పూర్ బీచ్‌కో బయల్దేరతారు. ఈమధ్య మా చుట్టాల్లో వేడి రాళ్ళ మసాజ్ మోజు కూడా మొదలైంది. మంచిదే. ఒళ్ళు నొప్పులకి హాయిగా ఉంటుంది, బిగుసుకుపోయిన భుజాలు వదులవుతాయి. కానీ మా మేనత్తకి జరిగింది చూశాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

అత్తకి పదిహేనేళ్ళుగా షుగర్. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. కాలివేళ్ళ మధ్య చిన్న చిన్న వేడి రాళ్ళు పెట్టి "వేడిగా ఉందా?" అని అడిగితే, "లేదమ్మా, ఇంకాస్త వేడి ఉన్నా పర్లేదు" అంది. రాత్రి ఇంటికొచ్చి చెప్పులు విప్పాక చూస్తే బొటనవేలి పక్కన చింతగింజంత బొబ్బ! షుగర్‌తో నరాలు మొద్దుబారితే కాలుతున్నా తెలియదు. అందుకే పాదాల్లో తిమ్మిరి, మొద్దుదనం ఉన్నవాళ్ళు రాళ్ళ జోలికి పోకండి. గర్భిణులు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళు, గుండె జబ్బో అదుపులో లేని బీపీయో ఉన్నవాళ్ళు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వెళ్ళొద్దు. జ్వరం ఉన్నా, ఒంటి మీద పుండ్లు ఉన్నా వాయిదా వేసుకోండి.

లోపల జరిగేది ఇదీ. సాలగ్రామంలా నల్లగా, నున్నగా ఉండే బసాల్ట్ రాళ్ళని నీళ్ళ హీటర్‌లో వేడి చేస్తారు. ఒంటికి నూనె రాసి, రాయిని చేత్తో పట్టుకుని రుద్దుతారు. కొన్నింటిని వెన్ను పక్కన, అరచేతుల్లో పెడతారు. గంట, గంటన్నర పడుతుంది. అసలు ప్రమాదం కదలకుండా ఉండే రాళ్ళతోనే. 60 డిగ్రీల నీళ్ళు అయిదు సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి. 50 డిగ్రీలైతే కొన్ని నిమిషాలు పడుతుంది, అంతే తేడా. కాబట్టి పెట్టే రాయి కింద మడత పెట్టిన తువ్వాలు ఉండాల్సిందే. హీటర్‌లో థర్మామీటర్ ఉందా అని ముందే అడగండి, తప్పేం లేదు.

రాయి తగలగానే కాస్త వెచ్చగా అనిపించి, వెంటనే ఒళ్ళు అలవాటు పడాలి. చురుక్కుమంటే ఆ క్షణమే చెప్పండి. మనవాళ్ళు మొహమాటపడి పళ్ళు బిగబట్టి పడుకుంటారు. మసాజ్ చేసే అమ్మాయికి తెలుగు రాకపోతే "గొరొమ్" (ఒడియాలో వేడి) అన్న ఒక్క మాట చాలు.

ఇంట్లోనే చేసుకుందామని మహేంద్రతనయ నది ఒడ్డున రాళ్ళు ఏరుకొచ్చి పొయ్యిలో వేయకండి. లోపలి తేమ ఆవిరై రాయి పేలి, ముక్కలు కంట్లో పడొచ్చు. మైక్రోవేవ్ కూడా వద్దు. ఇంట్లో అయితే మన ఉప్పు మూట కాపడమే మేలు, అదీ ముందు మీ మోచేతి లోపలి వైపు ఆనించి చూసుకున్నాకే.

కడుపు నిండా తిని వెళ్ళొద్దు. అయిపోయాక ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి, కాసేపు కూర్చుని నీళ్ళు తాగి లేవండి.

ఎక్కడైనా కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏవీ రాయొద్దు, బొబ్బ చిదపొద్దు. షుగర్ ఉన్నవాళ్ళ కాలికి ఎంత చిన్న బొబ్బ వచ్చినా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. మా అత్త మూడు రోజులు ఆగింది. పుండు మానడానికి నెలన్నర పట్టింది.