మోటారు కాలకముందే పట్టుకోవాలంటే మెగ్గర్ ఇలా పెట్టాలి

రైస్ మిల్లులో బ్లోవర్‌దైనా, సిమెంట్ ఫ్యాక్టరీలో కన్వేయర్‌దైనా, 415 వోల్టుల త్రీఫేజ్ మోటారుకి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో మెగాఓంలలో చూపే మీటరు) వాడాలి. డిజిటల్‌దే తీసుకోండి. చేత్తో తిప్పేదాన్ని నిమిషం పాటు ఒకే వేగంతో ఎవరూ తిప్పలేరు, వేగం మారితే ముల్లు ఊగుతుంది, ఊగే ముల్లుని ఒక్కొక్కరు ఒక్కోలా చదువుతారు. దాంతోపాటు టెస్టర్, ఆనించి చూసే థర్మామీటర్, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు.

ప్యానెల్‌లో సప్లై ఆపి తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి. టెస్టర్ పనిచేస్తోందని వేరే లైన్ మీద చూసుకున్నాకే టెర్మినల్ బాక్స్‌లో కరెంటు లేదని నమ్మండి. మోటారు డ్రైవ్ (వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) మీద నడుస్తుంటే కేబుళ్లు విప్పి తీరాలి, లేకపోతే మెగ్గర్ వోల్టేజీ డ్రైవ్‌లోకి వెళ్లి దాన్నే పాడుచేస్తుంది. కెపాసిటర్లు ఉంటే అవీ విప్పాలి. స్టార్-డెల్టా మోటారైతే ఆరు వైర్లూ విడదీసి, ఒక ఫేజ్ చూసేటప్పుడు మిగతా రెండూ బాడీకి కలపండి. బాడీకి పెట్టే క్లిప్ కింద పెయింట్ గీకేయండి.

ఇక అందరూ చెడగొట్టేది రీడింగ్ తీయడంలోనే. బటన్ నొక్కగానే కనిపించిన అంకె రాసేసుకుని వెళ్లిపోతారు. మొదట్లో ఇన్సులేషన్ కొంత కరెంటు పీల్చుకుంటుంది, అది తగ్గేకొద్దీ రీడింగ్ పైకి పోతుంది. అందుకే సరిగ్గా 60 సెకన్ల దగ్గర ఉన్న అంకే రాయాలి, ప్రతిసారీ అంతే.

ఆ అంకె పక్కన వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్లు) ఉష్ణోగ్రత రాయకపోతే ఆ రీడింగ్ దేనికీ పనికిరాదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రీడింగ్ దాదాపు సగమవుతుంది, కాబట్టి అన్నింటినీ 40 డిగ్రీల లెక్కకి తెచ్చుకోవాలి. వేడి మోటారు 60 డిగ్రీల దగ్గర 50 మెగాఓంలు చూపిస్తే 40 డిగ్రీల లెక్కలో అది 200. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంకో మోటారు 30 డిగ్రీల దగ్గర 200 చూపిస్తే, అది నిజానికి 100 మాత్రమే. అంకెలు పక్కపక్కన పెట్టి చూసినవాడు మంచి మోటారుని రీవైండింగ్‌కి (తీగ మళ్లీ చుట్టించడానికి) పంపి, బలహీనంగా ఉన్నదాన్ని నడిపిస్తాడు! ఆపిన వెంటనే బాడీ మీద చూసే ఉష్ణోగ్రత వైండింగ్‌ది కాదు, లోపల ఇంకా వేడిగా ఉంటుంది, అందుకే మోటారు ఆపి గంట ఆగాకే టెస్ట్ చేయండి. అలాగని రాత్రంతా వదిలేయకూడదు, వర్షాకాలంలో చల్లారిన వైండింగ్ మీద తేమ చేరి రీడింగ్ పడిపోతుంది. తవుడు దుమ్ము పట్టిన మోటార్లలో ఇది మరీ ఎక్కువ.

రీడింగ్ అయ్యాక వైండింగ్‌ని బాడీకి కలిపి డిశ్చార్జ్ చేయండి, వోల్టేజీ పెట్టిన సమయానికి కనీసం నాలుగు రెట్లు, అంటే నిమిషానికి నాలుగు నిమిషాలు. పెద్ద మోటారులో మిగిలిన చార్జ్ గట్టి షాక్ కొడుతుంది, దయచేసి ఇక్కడ తొందరపడకండి.

1 మెగాఓం ఉంటే చాలు అనే పాత మాట ఇంకా చాలాచోట్ల వినిపిస్తోంది. అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ ఇచ్చిన 43వ నంబరు ప్రమాణం ఈ తరగతి మోటార్లకి 40 డిగ్రీల దగ్గర కనీసం 5 మెగాఓంలు ఉండాలంటుంది. నా దృష్టిలో 5 దాకా ఆగడమే తప్పు. 800 చూపించే మోటారు వరుసగా 500, 200కి దిగుతుంటే 5కి ఎంత దూరంలో ఉన్నా సరే, అప్పుడే విప్పి దుమ్ము దులిపి, ఆరబెట్టి మళ్లీ చూడాలి. అలా చేశాక రీడింగ్ పెరిగితే అది తేమో దుమ్మో, పెరగకపోతే ఇన్సులేషనే పోతోంది, తర్వాతి షట్‌డౌన్‌లో రీవైండింగ్ పెట్టుకోండి.

ఒక ఫేజ్‌లోని చుట్లు తమలో తాము షార్టయితే మెగ్గర్‌కి తెలియదు. కాబట్టి మూడు ఫేజుల వైండింగ్ రెసిస్టెన్స్ కూడా మిల్లీఓం మీటరుతో కొలిచి అదే పేజీలో రాయండి.