పర్లాకిమిడి వైపు రైతుల వాట్సాప్ గ్రూపులో ప్రశ్న ఎలా అడగాలి

"వరి పాడైపోతోంది, ఏం చెయ్యాలి?" అని రాస్తే సరైన జవాబు రాదు. ఒకే మెసేజిలో అన్నీ చెప్పండి: ఊరు, బ్లాకు (ఆంధ్రాలో మండలం), రాష్ట్రం, వరి రకం, నాటి ఎన్ని రోజులైంది, ఏ మందు ఎంత కొట్టారు. రాష్ట్రం మాత్రం మరవకండి. పాతపట్నం రైతుకు వర్తించే ఆంధ్రా పథకం పక్కనే ఉన్నా ఒడిశాలోకి వచ్చే పర్లాకిమిడి రైతుకు వర్తించదు. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్లే సగం గొడవలు.

ఫొటోలు మూడు చాలు: చేను, ఆకు, దుబ్బు మొదలు. మూడోదే ముఖ్యం. వరి రసం పీల్చే సుడిదోమ నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో చేరుతుంది. పైనుంచి తీస్తే కనబడదు. దుబ్బుని చేత్తో విడదీసి, పగటి వెలుతురులో, దగ్గరగా తియ్యండి.

ఒడియా మీడియంలో చదివిన మనవాళ్లు చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ అక్షరాలు చదవలేరు. వాళ్ల కోసం అదే ప్రశ్న అరనిమిషం వాయిస్‌లో కూడా పెట్టండి. అంతకన్నా సాగదీస్తే ఎవరూ పూర్తిగా వినరు. లిపి రాదని ఎవరినీ తక్కువ చెయ్యొద్దు, అది చాలా తప్పు.

జవాబిచ్చేవాళ్లు అడిగిన మెసేజినే వేలితో కుడివైపు జరిపి, దాని కిందే రాయాలి, లేకపోతే ఏది ఎవరికో తెలీదు. మందు మోతాదు తప్పు పడితే 15 నిమిషాల్లోపు ఆ మెసేజినే దిద్దవచ్చు; ఆ గడువు దాటితే "పైది తప్పు" అని స్పష్టంగా మళ్లీ రాయండి. మందు పనిచేసిందో లేదో నాలుగైదు రోజులకి అడిగినవాళ్లే అక్కడే చెప్పాలి.