పెరట్లో పచ్చని తెర: చెట్టుకీ చెట్టుకీ ఎడం ఎంత?

పెరటి కంచె వెంట చెట్లను వరుసగా నాటి పచ్చని తెరలా పెంచాలంటే, నర్సరీ కుండీలో మొక్క ఎంత వెడల్పుందో చూసి ఎడం లెక్కేయకండి. పూర్తిగా ఎదిగాక ఎంత వెడల్పవుతుందో కనుక్కుని కొలత మొదలుపెట్టండి. ఏడాదంతా పచ్చగా ఉండే తూజా అనే చెట్టు రకాల్లోనే ఎంత తేడా ఉందో చూడండి: ఎమరాల్డ్ గ్రీన్ రకం 3–4 అడుగుల వెడల్పు దగ్గర ఆగుతుంది, గ్రీన్ జెయింట్ 12 అడుగులు దాటుతుంది. మొదటిదానికి మొదలు నుంచి మొదలుకు 3 అడుగులు చాలు. రెండోదాన్ని ఏటా కత్తిరిస్తూ గోడలా పెంచాలంటే 5–6 అడుగులు. కత్తిరించే ఓపిక లేకపోతే ఇంకా ఎక్కువ.

ఎడం తగ్గిస్తే తెర తొందరగా మూసుకుంటుంది, నిజమే. కానీ ఇరుకు వరుసలో కొమ్మలు విడదీసి లోపలికి చూడండి: పైపైన పలచటి పొరలా పచ్చదనం, దాని వెనకంతా ఎండిన గోధుమరంగు పుల్లలు. వెలుగు అందని కొమ్మ చచ్చిపోతుంది, తూజాకు ఆకు రాలిన ముదురు కొమ్మ మళ్ళీ చిగురించదు. అందుకే నడుమ ఒక చెట్టు పోతే పక్క చెట్ల బోసి వైపులు బయటపడి అలాగే ఉండిపోతాయి. గాలి ఆడక ఆకుల తడి ఆరదు, తెగుళ్ళు అంటుకుంటాయి.

స్థలముంటే రెండు వరుసలు వేయడమే మేలు. ముందు వరుసలో రెండు చెట్ల మధ్య ఖాళీకి ఎదురుగా వెనక వరుస చెట్టు రావాలి. గ్రీన్ జెయింట్‌ను వరుసలో 8 అడుగులకొకటి పెట్టినా, ఎదుటి నుంచి చూస్తే 4 అడుగులకొకటి కనిపిస్తుంది; ఒక చెట్టు పోయినా కంతపడదు.

కంచె నుంచి దూరం: ఎదిగిన వెడల్పులో సగం, దానికి అదనంగా 2 అడుగులు. ఆ సందు లేకపోతే వెనకవైపు కత్తిరించడానికి మనిషి దూరలేడు.

లెక్క తేలికే. 60 అడుగుల వరుస, 5 అడుగుల ఎడం అయితే 12 మొక్కలు. రెండు చివర్లా రెండున్నర అడుగులు వదలాలి. తాడు కట్టి, గుంతలు తవ్వకముందే పుల్లలు పాతి, ఇంట్లోంచి ఒకసారి చూసుకోండి.

గుంత వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిముద్దకు రెండింతల వెడల్పు, లోతు మాత్రం దానంతే. మొదలు వేళ్ళుగా విచ్చుకునే చోటు మట్టిలో కూరుకుపోకూడదు. పైన 3 అంగుళాల మందాన చెక్క పెచ్చులు పరచండి, కాండానికి తగలనివ్వకండి. మొదటి రెండేళ్ళు వేళ్ళ లోతు వరకు తడిసేలా నీళ్ళు పెట్టాలి.