నాడి పట్టడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఒక పక్క చెయ్యే ఎందుకు ఊగుతోంది?

పోయిన పాఠంలో స్ట్రోక్ (పక్షవాతం) గుర్తులు, అంటే మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం చూశాం కదా, ఇంట్లో ఒకరి నాడి పట్టుకుని చూడమని కూడా చెప్పా, చేయనివాళ్లు ఇప్పుడైనా చేయండి, ఈరోజు దాంతో పనుంది.

స్ట్రోక్ అంటే చెయ్యి చచ్చుబడటమే అనుకుంటాం గానీ కొందరికి అదే చెయ్యి ఊగుతుంది. మా చిన్నాయన నారాయణగూడలో ఇరానీ హోటల్‌లో టేబుల్ దగ్గర్నుంచి లేచి నిలబడి సాసర్‌లో మిగిలిన చాయ్ తాగుతుంటే కుడి చెయ్యి టకటకా ఊగి చాయ్ అంతా చొక్కా మీద పడింది, ఎడమ చెయ్యికి ఏం కాలేదు, కూర్చోగానే ఆగిపోయింది. మర్నాడు లేవగానే మళ్లీ అదే. మొదట చూసిన డాక్టర్ ఫిట్స్ అని మందు రాశాడు, తర్వాత మెడకి డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీస్తే మెదడుకి రక్తం తీసుకెళ్లే ఎడమ కెరోటిడ్ రక్తనాళం బాగా మూసుకుపోయి ఉంది. లేచినప్పుడు బీపీ దిగి, ఆ సన్న దారిలోంచి మెదడుకి రక్తం చాలక ఎదురు పక్క చెయ్యి ఊగిందన్నమాట. దీన్ని లింబ్ షేకింగ్ టీఐఏ అంటారు, టీఐఏ అంటే కాసేపు వచ్చి పోయే మినీ స్ట్రోక్, ఇందులో సాధారణంగా మొహం ఊగదు, స్పృహ పోదు. ఏళ్లుగా రెండు చేతులూ వణికేవాళ్ల సంగతి వేరే, కంగారు పడకండి.

ఇంకో రకం, ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ విసిరేస్తున్నట్టు ఎగరడం. అది స్ట్రోక్ కావచ్చు, షుగర్ విపరీతంగా పెరిగినా కావచ్చు, గ్లూకోమీటర్‌తో చూడండి గానీ దానికోసం 108కి చేసే ఫోన్ ఆపొద్దు.

ఇప్పుడు నాడి. బొటనవేలి కింద మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టండి, మీ బొటనవేలు మాత్రం వద్దు, దాని సొంత నాడే మీకు తగులుతుంది. నిమిషం పాటు, లెక్క కన్నా వరస గమనించండి. రేకుల మీద తొలి చినుకులు పడ్డట్టు ఒక పద్ధతి లేకుండా కొడుతుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ తప్పే జబ్బు అయ్యుండొచ్చు, గుండె పై గదిలో రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకి పోతుంది, స్ట్రోక్ ముప్పు దాదాపు 5 రెట్లు. ఇది వచ్చిపోతుంటుంది కాబట్టి ఒకసారి బాగుందని వదిలేయొద్దు, తేల్చేది ఈసీజీనే.

గుండె లయ తప్పి కాసేపు రక్తం అందకపోయినా మనిషి పడిపోయి నాలుగు కుదుపులు కొడతాడు, మనవాళ్లేమో చేతిలో తాళాలగుత్తి పెడతారు! తాళాలు పక్కన పెట్టి శ్వాస చూడండి, శ్వాస లేకపోతే నాడి వెతుకుతూ కూర్చోకుండా ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కి చేయించండి.

ఊగుడు రెండు నిమిషాల్లో ఆగినా అదే రోజు వెళ్లాలి, ఆగకపోయినా, చెయ్యి మొద్దుబారినా వెంటనే. చివరిసారి ఎప్పుడు బాగున్నారో టైమ్ రాసుకోండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. సీటీ స్కాన్ తీయకముందు ఇంట్లో ఆస్పిరిన్ వేసేయొద్దు, అది మెదడులో రక్తస్రావమైతే కొంప మునుగుతుంది.

హోంవర్క్: వారం రోజులు పొద్దున, రాత్రి ఇంట్లో పెద్దవాళ్ల నాడి పట్టి, వరసగా ఉందా లేదా క్యాలెండర్ మీద టిక్కు పెట్టండి, ఆ కాగితంతోనే 4వ పాఠం మొదలు.