ఇంటి నుంచి రాసి జీవించదలచినవారికి

ఇంటి నుంచే రచనతో జీవనం సాగించాలనుకునేవారిలో చాలామంది ముందుగా బ్లాగు తెరిచి, దాని రూపురేఖలు తీర్చిదిద్దుకుని, ఆదాయం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. నా దృష్టిలో ఈ వరుస తలకిందులైనది. ఇతరుల కోసం రాసినది ఆ నెల ఖర్చుకు డబ్బు తెస్తుంది. సొంత బ్లాగు చేతికంది రావడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. అందుచేత మొదటిదాని మీద నిలబడి రెండోదాన్ని పెంచుకోవాలి. ఉద్యోగం ఉన్నవారు ఆరు నెలల ఇంటి ఖర్చు కూడబెట్టుకుని, ఇద్దరు ముగ్గురు క్లయింట్ల నుంచి పని క్రమంగా వస్తున్నదని తేలిన తర్వాతే దాన్ని వదలడం క్షేమం.

ఏ విషయమైనా రాయగలనని చెప్పుకునే రచయితను ఎడిటర్లు గుర్తుంచుకోరు. మీరు ఇదివరకు చేసిన పనిలోనో, ఏళ్ల తరబడి శ్రద్ధ పెట్టిన విషయంలోనో మీ రంగం ఉంటుంది. ఆ రంగంలో మూడు వ్యాసాలు, ఎవరూ అడగకపోయినా, పూర్తి శ్రద్ధతో రాసి మీ బ్లాగులో ఉంచండి. మొదటి ఏడాది బ్లాగు చేయవలసిన అసలు పని ఇదే: మీ రాత ఎలా ఉంటుందో అడిగినవారికి చూపించడం.

తర్వాత పని అడగాలి. ఇక్కడే ఎక్కువమంది వెనకాడతారు, లేదా తమ గురించి పొడవైన పరిచయం రాసి పంపుతారు. ఎడిటరుకు కావలసింది పరిచయం కాదు, వ్యాసం. నర్సుగా పనిచేసిన ఒక రచయిత్రి ఒక ఆరోగ్య పత్రికకు పంపే లేఖ ఇలా ఉండవచ్చు:

"వృద్ధులు ఇంట్లో జారిపడకుండా తీసుకోవలసిన జాగ్రత్తలపై మీరు గత నెల ప్రచురించిన వ్యాసం చదివాను. అందులో మందుల ప్రభావం ప్రస్తావనకు రాలేదు. నిద్రమాత్రలు, రక్తపోటు మాత్రలు వాడే కొందరు రాత్రివేళ మంచం దిగేటప్పుడు ఎందుకు తూలుతారో, ఇంట్లోవారు ఏం చేయవచ్చో 1,000 పదాల్లో రాయగలను. నేను ఎనిమిదేళ్లు నర్సుగా పనిచేశాను. ఒక వైద్యురాలితో మాట్లాడి ఆమె వివరణ కూడా చేర్చి, రెండు వారాల్లో అందజేస్తాను."

ఈ ఐదు వాక్యాల్లో పత్రికను చదివిన ఆనవాలు, అందులో మిగిలిన లోటు, దాన్ని పూరించే వ్యాసం, రాయడానికి గల అర్హత, గడువు ఉన్నాయి. వీటిలో ఏది తీసేసినా లేఖ బలహీనపడుతుంది. పది రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేసి, ఆపైన అదే అంశాన్ని తగినట్టు మార్చి మరో పత్రికకు పంపండి. ఏ లేఖ ఎవరికి, ఏ తేదీన వెళ్లిందో ఒక పట్టికలో రాసుకోకపోతే నెల తిరిగేసరికి అంతా కలగాపులగమవుతుంది.

ధర నిర్ణయించుకోవడం రెండో కష్టం. పదానికి ఇంత అని ఎవరో చెప్పిన లెక్క పట్టుకునే ముందు మీ రోజు విలువ ఎంతో తెలుసుకోవాలి. ఏడాదిలోని 365 రోజుల్లో వారాంతపు సెలవులు 104 తీసేస్తే 261 మిగులుతాయి. పండుగలు, అనారోగ్యం, ప్రయాణాల కింద మరో 31 తీసేస్తే 230. ఇందులో ఇంచుమించు సగం పని వెతకడానికి, ఉత్తరప్రత్యుత్తరాలకు, బిల్లులకు, సొంత బ్లాగుకు పోతుంది కనుక నిజంగా డబ్బు వచ్చే రోజులు 115 మాత్రమే. మీ ఏడాది ఇంటి ఖర్చు, పన్ను, ఇంటర్నెట్, కంప్యూటర్ మరమ్మతు, బీమా కలిపి 115తో భాగిస్తే వచ్చేదే మీ రోజు ధర. చదవడం, మనుషులతో మాట్లాడడం, రాయడం, దిద్దడం కలిపి ఒక వ్యాసానికి రెండు రోజులు పడితే, అంతకు రెట్టింపు కన్నా తక్కువకు దాన్ని ఒప్పుకోవడమంటే చేతి డబ్బు పెట్టి పనిచేయడమే. మొదట్లో కొంత తగ్గక తప్పదు. కానీ ఎంత తగ్గుతున్నారో తెలిసి తగ్గాలి.

ఒప్పందం లేనిదే పని మొదలుపెట్టకండి. నేను మొదటి ఏడాది ఒక సంస్థకు నోటిమాట మీద ఆరు వ్యాసాలు రాసి ఇచ్చాను. ఆపైన వారి దగ్గర నుంచి జవాబు ఆగిపోయింది, పారితోషికమూ రాలేదు. చూపించడానికి నా చేతిలో ఒక్క కాగితమూ లేదు. పెద్ద పత్రాలు అక్కర్లేదు. పదాల సంఖ్య, గడువు, మొత్తం, ఎన్నిసార్లు దిద్ది ఇవ్వాలి, బిల్లు అందిన ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు, పని మధ్యలో ఆగితే ఎంత ఇస్తారు అన్నవి ఈమెయిలులో రాసి, "ఒప్పుకుంటున్నాను" అనే జవాబు తెప్పించుకుంటే చాలు. కొత్త క్లయింటు దగ్గర సగం అడ్వాన్సు అడగడంలో తప్పు లేదు. హక్కుల మాట కూడా అందులో ఉండాలి. కాపీరైట్‌పై దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో రచనపై కాపీరైట్ రిజిస్ట్రేషన్‌తో పని లేకుండానే రచయితకు దక్కుతుంది. అందుకే, మొత్తం హక్కులు రాసిస్తున్నారా, ఒక్కసారి ప్రచురణకే అనుమతిస్తున్నారా అన్నదాన్ని బట్టి ధర మారాలి. డబ్బు అందిన రోజునే పన్ను భాగాన్ని వేరే ఖాతాలో వేయండి.

ఇక బ్లాగు. సొంత డొమైన్ పేరు, అంటే మీదైన వెబ్ చిరునామా, కొనుక్కోండి, ప్రతి టపాకూ మీ కంప్యూటరులో ఒక ప్రతి ఉంచుకోండి. ప్రకటనల ఆదాయం గురించి ఆశలు పరిమితంగా ఉండాలి. బ్లాగులో ప్రకటనలు చూపించి డబ్బు ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది; కనీసం 100 డాలర్లు పోగైతేనే అది చెల్లిస్తుంది. కొత్త బ్లాగుకు ఆ మొత్తం చేరడానికే నెలలు పట్టవచ్చు. మీరు నిజంగా వాడిన వస్తువులను సూచించే అఫిలియేట్ లింకులు (వాటి ద్వారా ఎవరైనా కొంటే మీకు కమీషను వస్తుంది), మీరే రాసి అమ్మే చిన్న మార్గదర్శక పుస్తకాలు, చందా న్యూస్‌లెటరు తక్కువమంది పాఠకులున్నా పనికొస్తాయి. న్యూస్‌లెటర్లు పంపడానికి వాడే సబ్‌స్టాక్ వంటి వేదిక చందా డబ్బులో 10 శాతం, దానితోపాటు చెల్లింపుల రుసుమును మినహాయించుకుంటుంది. ఏ లింకు నుంచి మీకు కమీషను వస్తుందో పాఠకులకు అక్కడే చెప్పండి. చాలా దేశాల్లో అది నిబంధన కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా మొదటి రోజు నుంచే పాఠకుల ఈమెయిలు చిరునామాలను వారి అనుమతితో సేకరించండి. సెర్చ్ ఇంజను నియమాలు మారి సందర్శకులు తగ్గిపోయిన రోజున మీకు మిగిలేది ఆ జాబితాయే.

మూడు నెలలకోసారి గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిచి, ఏ ప్రశ్నలు అడిగినవారికి మీ టపాలు కనిపిస్తున్నాయో చూడండి. సెర్చ్ ఫలితాల రెండో పేజీలో కనిపిస్తున్న టపా ఉంటే, కొత్తది రాసే ముందు దాన్నే తీసి, పాతబడిన వివరాలు మార్చి, ఆ ప్రశ్నకు మొదటి పేరాలోనే సూటిగా జవాబు చేర్చి మళ్లీ ప్రచురించండి. నా బ్లాగులో ఈనాటికీ ఎక్కువమంది చదివేది అలా నాలుగుసార్లు తిరగరాసిన ఒక పాత టపానే.